చదవకుండా కొట్టిన ముద్ర

ఉషిమారు ఫుసాయెకి కోపం వచ్చిందంటే ఆ సంగతి ముందు ఆమె చేతిలోని విసనకర్రకి తెలుస్తుంది. కుంపటి మీద అది ఆడే జోరు మారిపోతుంది. నోరు ఆ తరవాతే తెరుచుకుంటుంది. డెబ్బయి మూడేళ్ళ మనిషి. నాకన్నా పదిహేనేళ్ళు పెద్ద. తకయామా పాత వీధుల్లో నా వయసు వాళ్ళందరికీ ఆమె ఫుసాయె అక్క.

నలభై ఎనిమిదేళ్ళుగా ఆమె చేసేది ఒకటే పని. బియ్యప్పిండి ఉండలు పుల్లకి అయిదు చొప్పున గుచ్చి, బొగ్గుల మీద కాల్చి అమ్మడం. దాంగో అంటాం. మా పేటకి ఒక రథశాల ఉంది. ఏప్రిల్ ఉత్సవంలో లాగే రథాన్ని మిగతా ఏడాదంతా అందులో దాస్తాం. ఆ రథశాల మూలన ఆమె కుంపటి. స్థలం పేటది. ఆమె అత్తగారు అక్కడే కూర్చుని కాల్చింది, ఆవిడ తరవాత ఈమె. కాగితం ఎవరూ రాయలేదు, రాయమని ఎవరూ అడగలేదు.

పని కూడా ఆమెకి ఎవరూ నోటితో నేర్పలేదు. షోకావా కొండల్లోంచి కోడలిగా వచ్చిన కొత్తలో అత్తగారు ఒక్క ముక్క చెప్పేది కాదట. తప్పు చేస్తే విసనకర్ర పిడితో మణికట్టు మీద ఒకటి వేసేది. దెబ్బ ఎందుకు పడిందో కోడలే తేల్చుకోవాలి. అలా తేల్చుకుంటూ రెండు శీతాకాలాలు గడిచాయి. పిండిని ఆవిరి మీద ఉడికించి, వేడి తగ్గకముందే దంచాలి. వేడి తగ్గాక దంచితే ఉండ మధ్యాహ్నానికల్లా రాయి. ముందు ఉత్త ఉండని పైన పొర కట్టేదాకా కాల్చాలి. పొర కట్టాక సోయా సాస్‌లో ముంచి మళ్ళీ నిప్పు మీదికి. మళ్ళీ ముంచి, మళ్ళీ నిప్పు మీదికి. రెండోసారి ముంచి పెట్టాక సాస్ చుక్కలు బొగ్గు మీద పడి పొగ లేస్తుంది. ఆ పొగ తిరిగి ఉండకే పట్టాలి. ఇంక అందులో వేసేదేమీ లేదు. చక్కెర లేదు, పాకం లేదు. మా ఊరి దాంగో ఉప్పటిది.

నేను రేకు పనివాడిని. ఆమె కుంపటికి మూడుసార్లు అడుగు మార్చాను. నిప్పు సంగతి నాకు తెలుసనుకునేవాడిని. ఆమె పక్కన నిలబడి చూశాక నాకు తెలిసింది రేకు సంగతి మాత్రమేనని అర్థమైంది.

గొడవ మార్చి నెలాఖరులో మొదలైంది. మంచు కరిగి వీధి పక్క కాలవలు పరుగు మీద ఉన్నాయి. కుంపటి మీద వేసే కొత్త ఇనప వల ఇవ్వడానికి వెళ్ళి నేను అక్కడే నిలబడ్డాను. టోక్యో నుంచి వచ్చిన పిల్ల ఒకతి, పాతికేళ్ళుంటాయేమో, పుల్ల తీసుకుని మొదటి ఉండ కొరికి ముఖం చిట్లించింది.

“ఇదేంటి బామ్మగారూ, తియ్యగా లేదు?”

“తియ్యగా ఉంటుందని ఎవరు చెప్పారమ్మా?”

“మా ఊళ్ళో దాంగో అంటే పైన పాకం కారుతుంటుంది కదా.”

“మీ ఊళ్ళో కారుతుంది. ఇక్కడ కారదు. ముందు నములు. మూడో ఉండ దగ్గర నాతో మాట్లాడు.”

ఆ పిల్ల నవ్వి రెండో ఉండ నోట్లో పెట్టుకుంది. సరిగ్గా అప్పుడు మా పేట సంఘం అధ్యక్షుడు హొరాగుచి అటుగా వచ్చాడు. బొమ్మలూ చేతి రుమాళ్ళూ అమ్మే కొట్టు అతనిది. ఎండాకాలంలో కూడా కోటు విప్పడు. ఆ పిల్ల మాట అప్పటికే అతని చెవిన పడింది. నడుం వంచి ఆమెకి దణ్ణం పెట్టాడు.

“మన్నించాలమ్మా. మావాళ్ళది కాస్త పాతకాలం పద్ధతి. త్వరలో అంతా సరిచేస్తున్నాం.”

విసనకర్ర జోరు మారింది.

“ఏం సరిచేస్తారు హొరాగుచి గారూ?” అంది ఫుసాయె. “నా కుంపటినా, ఆ పిల్ల నాలుకనా?”

“మొత్తం అట్టలో రాశాను కదండీ అక్కగారూ. చూసే ఉంటారు.” అని అతను ముందుకి సాగిపోయాడు.

అతను వెళ్ళాక ఆ పిల్ల అయిదో ఉండ దాకా తినేసి, ఖాళీ పుల్ల డబ్బాలో వేసి, ఇంకొకటి ఇవ్వమని వేలు చూపించింది. ఫుసాయె ఇచ్చింది. ఆ రెండోది హొరాగుచి చూడలేదు. చూసినా లెక్కలోకి తీసుకునే మనిషి కాదు.

“అట్టలో ఏం రాశాడ్రా మినోరూ?” అని ఆమె నన్నడిగింది.

“కాలవ శుభ్రం చేసే రోజు రాశాడక్కా. ఉత్సవానికి ఎవరెవరు తాళ్ళు పట్టాలో, ఆ జాబితా కూడా ఉంది.”

“అంతేనా?”

“అంతే.”

అంతే కాదు. నేను నాలుగో పేజీ తిప్పలేదు.

అట్ట అంటే పేట సంఘం కాగితాలు బిగించి పధ్నాలుగిళ్ళకీ వరసగా తిప్పే అట్ట. చదివిన ఇంటివాళ్ళు తమ గడిలో ఇంటిపేరు ముద్ర కొట్టి పక్కింటికి అందిస్తారు. చదివిన ఇంటివాళ్ళు అనేది రూలు. జరిగేది ఏమిటంటే, అట్ట వచ్చేసరికి మనం ఏదో పనిలో ఉంటాం. ముద్ర కొట్టి పంపేస్తాం. ఇంట్లో అట్ట రాత్రి నిద్ర చేస్తే పక్కింటివాళ్ళు ఏమనుకుంటారోనన్న భయం. చదవలేదన్న సిగ్గుకన్నా ఆలస్యం చేశామన్న మాట మాకు పెద్దది.

ఏప్రిల్ ఒకటో తారీకు పొద్దున హొరాగుచి నాకు కబురు పెట్టాడు. రథశాల దగ్గర చిన్న పనుంది, పనిముట్లు తెచ్చుకోమన్నాడు. వెళ్ళేసరికి ఇద్దరు మనుషులు బండిలోంచి ఒక విద్యుత్ పొయ్యి దించుతున్నారు. పక్కన ఆరు డబ్బాలు. వాటి మీద తేనె రంగులో పాకం కారుతున్న దాంగో బొమ్మ. ఫుసాయె అప్పుడే బొగ్గులు రాజేసి మొదటి వరస పేర్చింది.

“అక్కగారూ, ఇవాళ్టినుంచి మీకు పొగ బాధ ఉండదు,” అన్నాడు హొరాగుచి. “మీట నొక్కితే చాలు. చేతులకి విశ్రాంతి.”

“నా చేతులు వచ్చి నిన్ను విశ్రాంతి అడిగాయా?”

“ఇది నా సొంత మాట కాదు. పేట మొత్తం అనుకున్నది. మీరూ ఒప్పుకున్నదే.”

“నేనా? ఎప్పుడు?”

అతను సంచీలోంచి అట్ట తీశాడు. నాలుగో పేజీ తిప్పి అడుగున వేలు పెట్టాడు. ఫుసాయె చేతులు తుడుచుకుని, కళ్ళజోడు పెట్టుకుని చదివింది. నేను ఆమె భుజం మీదుగా చదివాను. రథశాల పక్కన తినుబండారాలు అమ్మేవారు బొగ్గులు మాని విద్యుత్ పొయ్యి వాడాలి. సంఘం తెప్పించే ఉండలు, తీపి పాకం మాత్రమే అమ్మాలి. అభ్యంతరం లేనివారు ముద్ర వేయగలరు. కింద పధ్నాలుగు గడులు, పధ్నాలుగు ఎర్ర ముద్రలు. తొమ్మిదో గడిలో ఉషిమారు. పదో గడిలో నాది.

హొరాగుచి నావైపు తిరిగాడు. “మినోరు గారూ, ఆ కుంపటి కాస్త పక్కకి తీయించండి.”

ఆ చిన్న పని అదన్నమాట.

నేను కదల్లేదు. ఫుసాయె అరుస్తుందనుకున్నాను. అరవలేదు. పుల్లలన్నీ వల మీదనించి తీసి పళ్ళెంలో పెట్టింది. పట్టకారు తీసుకుని బొగ్గుల్ని ఒక్కొక్కటే మూత ఉన్న ఇనప కుండలోకి వేయడం మొదలుపెట్టింది. హొరాగుచి ముఖం విప్పారింది.

“చూశారా, అక్కగారిది పెద్ద మనసు. ఒక్క మాటలో అర్థం చేసుకున్నారు.”

“నోర్ముయ్,” అంది ఫుసాయె, పట్టకారు ఆపకుండానే. “నిప్పు వదిలేసి పోట్లాటకి పోకూడదు. అందుకని ఆర్పుతున్నా.”

ఆఖరి బొగ్గు కుండలో పడింది. మూత పెట్టింది. అతని చేతిలోంచి అట్ట లాక్కుంది.

“అది సంఘం ఆస్తండీ—”

“ముద్ర నాది.”

సందులోకి నడిచింది. నేను వెనకాలే వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో నాకే తెలియదు. పదో గడి నాదే కాబట్టి కావచ్చు.

ఆమె ఇల్లు రథశాల వెనక సందులో. పక్కిల్లు కవాయి షిజునోది. ఎర్ర ముల్లంగి ఊరగాయ వేసి పొద్దుటి సంతలో అమ్ముతుంది. ఇద్దరూ ఒకే ఏడు ఈ సందుకి కోడళ్ళుగా వచ్చారు. షిజునో పెరట్లో తొట్టి మీద బరువు రాయి సర్దుతోంది.

“షిజునో! నా గడిలో ముద్ర ఎవరు కొట్టారే?”

“నేనే. ఇంకెవరు కొడతారు? నీ చేతులకెప్పుడూ పిండేనని నువ్వే కదే ముద్ర గుమ్మం లోపల మేక్కి తగిలించావు. నువ్వే కొట్టెయ్యవే, పక్కింట్లో ఇచ్చెయ్యవే అన్నావు. ఇరవయ్యేళ్ళనుంచి కొడుతున్నా. ఇవాళ కొత్తగా అడుగుతావేంటి?”

“చదివావా?”

షిజునో రాయి ఇటు జరిపింది, అటు జరిపింది.

“అడిగేది నిన్నే. చదివావా?”

“చదివాను.”

చదవలేదంటుందనుకున్నాను.

“చదివి కొట్టావా?”

“మరేం చెయ్యను? అప్పటికే ఏడు ముద్రలున్నాయి. నాది ఎనిమిది. అందరూ సరేనన్నాక నీ గడి ఒక్కటీ ఖాళీగా వదిలి పక్కింటికి ఎలా పట్టుకెళ్ళను? అట్ట ఎక్కడ ఆగింది, ఎవరు ఆపారు అని పేటంతా నీ గురించే అనుకుంటారు.”

“అనుకోనీ! నాతో ఒక్క మాట చెప్పడానికి నీ నోటికేమైంది?”

“చెబితే నువ్వు గొడవ చేస్తావు.”

“చేస్తాను! చెయ్యనా మరి?”

“అందుకే చెప్పలేదు.” షిజునో రాయి వదిలేసి దగ్గరికి వచ్చింది. “ఒసే ఫుసాయె, శీతాకాలంలో నీ వేళ్ళు చీలి నెత్తురొస్తుంటే నేనే కదే నూనె రాసేది. మీట నొక్కే పొయ్యి అయితే నీకు హాయి కదా అనుకున్నాను.”

“నూనె రాశావు. పేరు కూడా అమ్మేశావు. చేతులకి పిండి అంటుకుందని నా పేరు నీ చేతికిచ్చాను చూడు, నాదీ బుద్ధి లేనితనం!”

షిజునో ఏడుస్తూ లోపలికి పోయింది. ఫుసాయె అప్పుడు నావైపు తిరిగింది.

“నువ్వు చదివావా?”

“లేదక్కా. నీ ముద్ర ఉంది కదా అని కొట్టాను.”

“నిన్ను చూసి?”

“పదకొండో ఇంట్లో టోఫూ అమ్మే ముసలాయన. ఆయన్ని చూసి తరవాతివాళ్ళు.”

“ఓహో. మీరంతా నన్ను చూసి కొట్టారు. నన్ను మాత్రం ఎవరూ చూడలేదు.”

నేను రేకులో నూలు పోగంత తేడా వస్తే తీసి పారేసేవాడిని. ఆ మాట నలుగురిలో గొప్పగా చెప్పుకునేవాడిని కూడా. ఆ రోజు ఆ పెరట్లో నాకు తలెత్తాలనిపించలేదు.

మా దగ్గర తప్పు ముద్రని చెరిపెయ్యడం ఉండదు. దాని మీద రెండు గీతలు గీసి, పక్కన మళ్ళీ ముద్ర కొట్టాలి. తప్పూ కనపడుతుంది, దిద్దినవాళ్ళూ కనపడతారు. ఫుసాయె మేక్కున్న ముద్ర తెచ్చి, గుమ్మం మెట్టు మీద అట్ట పెట్టి, స్కేలు ఆనించి రెండు గీతలు గీసింది. ముద్ర కొట్టింది. అట్ట నా ముందుకి తోసింది. నేనూ గీశాను.

తరవాత ఆమె ఇల్లిల్లూ తిరిగింది. మొదటి గడి నించి పధ్నాలుగో గడి దాకా. ప్రతి గుమ్మంలోనూ ఒకటే మాట, “నాలుగో పేజీ పైకి చదువు.” కళ్ళజోడు లేదన్నవాళ్ళకి తన కళ్ళజోడు తీసి ఇచ్చింది. పనిలో ఉన్నామన్నవాళ్ళ ముందు పని అయ్యేదాకా నిలబడింది. టోఫూ ముసలాయన అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివి, “పాకమా? నాకసలే చక్కెర జబ్బు. నన్ను చంపుదామనుకున్నారా?” అని, చేతికి దొరికిన బొగ్గు ముక్కతో గీతలు గీయబోతే పెన్ను ఇవ్వాల్సి వచ్చింది.

ఒక ఇంట్లో మాత్రం వేరే జరిగింది. ఆరో ఇల్లు సత్రం. దాని యజమానురాలు తొయోకో తలుపు తీసి సూటిగా చెప్పింది.

“నేను చదివే కొట్టాను ఫుసాయె గారూ. మా సత్రంలో దిగేవాళ్ళు రోజూ అడుగుతారు, తియ్యటి దాంగో ఎక్కడా అని. మీకు కోపం రావచ్చు. నా ముద్ర నేను తియ్యను.”

ఫుసాయె అట్ట మూసింది.

“నువ్వు చదివావు, ఒప్పుకున్నావు, నా ముఖం మీద చెప్పావు. నీ ముద్ర నీది. ఉంచుకో.”

పేట మొత్తంలో ఆమె గొంతు మామూలుగా వినిపించింది ఆ ఒక్క గుమ్మంలోనే. మిగతావాళ్ళు కొందరు చదివి తల గోక్కున్నారు, కొందరు సంఘానికి ఎదురు గీత గీస్తే బాగుండదన్నారు, ఒకాయన గీస్తానని చెప్పి పెన్ను వెతకడానికి లోపలికి వెళ్ళి మళ్ళీ రాలేదు. తిరగడం అయ్యేసరికి గీతలు పడ్డవి అయిదు. షిజునో ముద్ర అలాగే ఉంది.

ఆదివారం పొద్దున అందరం రబ్బరు బూట్లు వేసుకుని కాలవలు శుభ్రం చేశాం. అది అవగానే అలాగే బురద బూట్లతో సంఘం గది ముందు సమావేశం. హొరాగుచి బూట్లకి బురద లేదు. అతను లేచి మాట్లాడాడు. వీధికి ఒకే రుచి ఉండాలన్నాడు. వచ్చేవాళ్ళకి అనుభూతి కావాలన్నాడు. ఫొటోలో సోయా సాస్ నల్లగా పడుతుంది, పాకం మెరుస్తుందన్నాడు. మాటలు కోటలు దాటుతున్నాయి. వింటున్నవాళ్ళలో సగం మంది బూట్ల బురద గీక్కుంటున్నారు. అప్పుడు అతను అసలు మాట బయటికి తీశాడు.

“అన్నిటికన్నా ముఖ్యం, మన రథం రెండు వందల ఏళ్ళది. చెక్క, లక్క. పక్కనే బొగ్గుల కుంపటి. ఒక్క రవ్వ ఎగిరితే ఎవరు జవాబు చెబుతారు?”

గీకడం ఆగింది. రథం పేరెత్తితే మా పేటలో ఎవరూ నోరు విప్పరు. ఫుసాయె లేచింది.

“నలభై ఎనిమిదేళ్ళలో ఆ గోడదాకా ఒక్క రవ్వ పోలేదు. గాలి వీచిన రోజు నేను కుంపటి రాజెయ్యలేదు. పక్కన రెండు బకెట్ల నీళ్ళు లేకుండా కూర్చోలేదు. అయినా సరే, రథం నాకన్నా పెద్దది. అక్కడ నిప్పొద్దంటే అది న్యాయమైన మాట. నా దగ్గరికొచ్చి అడిగి ఉంటే ఆ రోజే తీసేదాన్ని. కానీ హొరాగుచి గారూ, నిప్పు మాటనీ పాకం మాటనీ ఒకే పుల్లకి ఎందుకు గుచ్చారు?”

“అతిథులకి కావలసింది పెట్టడం మర్యాద కదండీ.”

“అతిథికి మనింట్లో వండింది పెడతాం. వాళ్ళింటి కూర వాళ్ళకే తెచ్చి పెడితే, ఇంతదూరం రావడం దేనికి?”

“మీరు కోపంగా ఉన్నారు.”

“ఉన్నాను. అది మీకు కనపడ్డందుకు సంతోషం.”

ఎవరో నవ్వారు. ఎక్కువమంది నవ్వలేదు. హొరాగుచి అట్ట తెరిచి లెక్క చెప్పాడు. అయిదు గీతలు, తొమ్మిది ముద్రలు. నిర్ణయం నిలబడింది. ఫుసాయె ఓడిపోయింది. ఆ మూల అత్తగారి కాలంనించి వాళ్ళది. ఒక నిమిషంలో పోయింది.

“ఇవాళే తీసేస్తాను,” అంది. “ఆ డబ్బాలు మాత్రం నేను ముట్టను. ఎవర్ని పెట్టుకుంటారో పెట్టుకోండి.”

మధ్యాహ్నం నేనూ టోఫూ ముసలాయనా కలిసి కుంపటిని మోసుకుని సందులో ఆమె ఇంటి గుమ్మం ముందు దించాం. దారంతా ఆమె తిడుతూనే ఉంది. హొరాగుచిని కాదు. మమ్మల్ని. అటు వంచారని, ఇటు తగిలించారని.

సందులోకి ఊరు చూసేవాళ్ళెవరూ రారు. పైగా నదివైపునించి గాలి తిన్నగా దూరుతుంది. మొదటి రోజు బొగ్గులు ఒకవైపే రాజుకుని ఒక చివర ఉండలు మాడాయి, రెండో చివర తెల్లగా మిగిలాయి. నేను గాలికి అడ్డంగా ఒక రేకు చేసి పట్టుకెళ్ళాను.

“పొగ మొత్తం వెనక్కి పోతోంది. తీసేయ్.”

రెండోది చేశాను.

“ఇప్పుడు గాలే రావడం లేదు. నిప్పుకి ఊపిరొద్దా?”

మూడోదానికి అడుగున వేలెడు వెడల్పు సందు వదిలాను. ఆమె దాన్ని కుంపటి పక్కన నిలబెట్టుకుంది. దాన్ని ఇప్పటికీ వాడుతోంది. తలుపు పక్కకి జరపడం, కుంపటి ఏటవాలుగా పెట్టడం, వేళని బట్టి తను కూర్చునే వైపు మార్చడం, ఇవన్నీ ఆమె సొంతంగా కనిపెట్టుకుంది. డెబ్బయి మూడేళ్ళకి పని మళ్ళీ మొదటినించి నేర్చుకుంది. ఈసారి మణికట్టు మీద కొట్టడానికి కూడా ఎవరూ లేరు. అమ్ముడయ్యేవి మాత్రం మునుపటిలో పదో వంతు.

అక్కడ మూల మీద సంఘం ఒకావిడని జీతానికి పెట్టింది. ఉండలు గడ్డకట్టి పెట్టెల్లో వస్తాయి. పొయ్యి మీద వెచ్చబెట్టి, పైన పాకం పోసి ఇస్తుంది. అబద్ధం చెప్పను, జనం బాగానే కొన్నారు. ఫొటోలు తీసుకున్నారు. అటుగా వెళ్ళిన ప్రతిసారీ నాకు ఒళ్ళు మండేది. ఒకరోజు కొని తిన్నాను. వేడిగా ఉన్నంతసేపు పాకం, చల్లారాక జిగురు. ఉండకి రుచే లేదు.

పధ్నాలుగో తారీకు ఉత్సవం. పొద్దున మంచు పొడి కాస్త రాలింది. మా పేట రథం బయటికి వచ్చింది. తాళ్ళు పట్టే ముప్ఫైమందీ నీలం అంగరఖాలు తొడుక్కుని వరసలో నిలబడ్డారు. రథం ముట్టుకునేవాళ్ళు వేకువనే ఏదో ఒకటి తిని, మధ్యాహ్నం దాకా మళ్ళీ తినరు. ఏళ్ళ తరబడి వాళ్ళు తినేది ఫుసాయె దాంగో. సోయా సాస్ నిప్పు మీద ఆరిపోతుంది, చేతికి అంటదు. ఈసారి సంఘం తరఫున మూల మీది పాకం దాంగో పంచారు.

ఎనిమిది మంది ఒకటి రెండు ఉండలు తిని ఉంటారు. చలికి పాకం తీగలు సాగింది. వేళ్ళకి, కండువాలకి, తాళ్ళకి అంటింది. ఒకడు ఆ చెయ్యి రథం చక్రం లక్క మీద ఆనించబోతే రథం బాధ్యత చూసే పెద్దాయన గావుకేక పెట్టాడు.

“ఎవడ్రా అది! ఆ చేతులతో లక్క ముట్టుకుంటే నరికేస్తా! ఇంకెవడూ తినొద్దు! తిన్నవాళ్ళు కాలవలోకి!”

ఎనిమిది మందీ పరుగెత్తి ఆ చన్నీళ్ళలో చేతులు కడుక్కున్నారు. పాకం చన్నీళ్ళకి వదలదు. వేణ్ణీళ్ళు తెప్పించారు. మిగిలిన ఇరవై రెండుమందీ ఖాళీ కడుపుతో నిలబడ్డారు. రథం కదలాల్సిన వేళ దగ్గరపడుతోంది.

నేను అప్పుడు ఫుసాయె గుమ్మంలో బొగ్గులు అందిస్తున్నాను. సందు మొదట్లో అడుగుల చప్పుడు. హొరాగుచి వస్తున్నాడు. ఉత్సవానికి వేసుకునే భుజాలు నిక్కబొడుచుకున్న బట్టల్లో ఉన్నాడు. సందు ఇరుకు, భుజాలు గోడలకి తగలకుండా పక్కకి తిరిగి నడవాల్సి వచ్చింది. వెనకాల నలుగురు తాళ్ళవాళ్ళు.

“అక్కగారూ,” అన్నాడు. “ముప్ఫై పుల్లలు కావాలి. తొందరగా.”

“మూల మీద ఉన్నాయిగా.”

“అవి… చేతులకి అంటుకుంటున్నాయి.”

“అంటుకుంటాయి. పాకం పని అదే.”

“లక్క పాడవుతుందని పెద్దాయన ఒప్పుకోవడం లేదు. మన రథం కోసం అడుగుతున్నాను.”

విసనకర్ర ఆగింది. పొమ్మంటే బాగుండునని సగం, అనకపోతే బాగుండునని సగం అనిపించింది. ఫుసాయె అప్పటికే పుల్లలు పేరుస్తోంది.

“రథం నన్నేమీ అనలేదు,” అంది. “కూర్చోకు, ఇక్కడ చోటు లేదు. నిలబడు.”

పది పుల్లలొక వరస, మూడు వరసలు. తొందర పడలేదు. పొర కట్టేదాకా ఆగింది. ముంచింది, కాల్చింది, ముంచింది, కాల్చింది. పొగ సందంతా నిండింది. తాళ్ళవాళ్ళు ఒక్కొక్క వరసా పట్టుకుని పరుగెత్తారు. మూడో వరసలో పదకొండో పుల్ల ఒకటి పడింది. అది హొరాగుచికి ఇచ్చింది. అతను గోడ వైపు తిరిగి, బట్టల మీద పడకుండా మెడ ముందుకి చాచి తిన్నాడు. అయిదూ తిన్నాడు.

“నిజంగా చాలా బాగుందండీ,” అన్నాడు మెల్లగా.

“నాకు చెప్పకు,” అంది ఫుసాయె. “నీ ‘బాగుంది’ నాకెందుకు? అట్టలో రాయి. చేతికి అంటదని రాయి, పాకం పెట్టడం తప్పు అని రాయి, కింద నీ ముద్ర కొట్టి పధ్నాలుగిళ్ళకీ తిప్పు. నువ్వు తీసుకున్నది ఈ సందులో చాటుగా తిరిగిస్తే సరిపోతుందా? ఊరందరి ముందు తీసుకున్నావు. ఊరందరి ముందే ఇవ్వు.”

“ఉత్సవం కానివ్వండి, చూద్దాం.”

“చూడకు. రాయి.”

అతను భుజాలు పక్కకి తిప్పుకుని సందులోంచి వెళ్ళిపోయాడు. ఆ రోజు రథం బాగానే కదిలింది.

ఇప్పుడు సెప్టెంబరు. మూల మీది పొయ్యి ఇంకా నడుస్తూనే ఉంది. ఫుసాయె ముద్ర ఇప్పుడు మేక్కి లేదు, ఆమె నడుముకున్న సంచీలో ఉంటుంది. షిజునో అట్ట తెచ్చి గుమ్మంలో నిలబడుతుంది. ఫుసాయె పిండి చేతులు కడుక్కుని వచ్చి మొదటి పేజీ నించి చివరి పేజీ దాకా చదువుతుంది. అంతసేపూ ఇద్దరి మధ్యా ఒక్క మాట ఉండదు. షిజునో కూడా వెళ్ళదు. తరవాత అట్ట నా దగ్గరికి వస్తుంది. ఏప్రిల్ నుంచి పదకొండుసార్లు వచ్చింది. ప్రతిసారీ నేను చివరి పేజీ అడుగుదాకా చదివి ముద్ర కొడుతున్నాను. హొరాగుచి రాయాల్సిన మాట ఇంతవరకూ అందులో రాలేదు.